పిల్లల చేతుల బతుకమ్మ

అందరికీ నమస్కారం. వానలు తగ్గుముఖం పట్టినయి. చెల్కల పొంటి తంగేడు పూసింది, పత్తిచేన్ల గట్ల మీద గునుగు తెల్లగ ఊగుతున్నది. పిల్లలకు దసరా సెలవులు దగ్గరికొచ్చినయి. ఈ రెండు వారాలు వాళ్లతోని ఏం చేయించాలె, ఫోన్ల నుంచి తల ఎట్ల లేపాలె అన్నది ఇక్కడున్న అమ్మలకు, నాయినలకు అందరికీ ఉన్న బుగులే. మన వరంగల్, హనుమకొండ దిక్కు దానికి జవాబు ఎక్కడో వెతకనక్కర లేదు. ఈ కాలమే పని తెచ్చిపెడుతది.

నేను ముందుగాల ఒక్కమాట అడుగుత. పండుగ పనిల పిల్లల వాటా పిల్లలకు ఇడువండి. పూలు మనమే కొని, మనమే పేర్చి, చివరికి కొత్తబట్టలు తొడిగి బతుకమ్మ పక్కన నిలబెడితే పిల్లకు అది చూసే పండుగే అయితది. వాళ్లు పేర్చింది వంకర వస్తది, రాని. అది ఒరగకుండ నిలబడెటట్టు ఎట్ల చెయ్యాలెనో ఇయ్యాల చెప్త.

బతుకమ్మ కంటే ముందే మొదలయ్యేది బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు ఆడపిల్లలు ఆడేది. ఇప్పుడు చానా ఇండ్లల్ల మర్చిపోయిన్రు గని మట్టితోని ఆడాలని ఉన్న పిల్లలకు దీన్ని మించింది లేదు. ఒక చెక్కపీట మీద మట్టితోని అయిదు అంతస్తులు, కిందిది పెద్దది, మీదికి పోయినకొద్ది చిన్నది. పుట్టమన్ను వాడుడు ఆనవాయితీ. అయితే పిల్లలను పుట్టలు తవ్వనియ్యొద్దు, పాములుంటయి. కూలిపోయిన పాత పుట్ట మన్ను పెద్దలే తేవాలె, లేకుంటే కుమ్మరి వాళ్ల దగ్గర బంకమట్టి అడగండి. మట్టిని జల్లెడ పట్టి, రాళ్లు తీసి, గుప్పెడు సన్నగ తరిగిన గడ్డి కలిపి చపాతీపిండి లెక్క పిసకాలె. గడ్డి లేకుంటే ఎండినంక పగుళ్లు వస్తయి. ఎండల పెట్టినా పగుళ్లే, ఎందుకంటే పైపొర తొందరగ ఎండి ముడుచుకుంటది, లోపలిది తడిగనే ఉంటది. నీడకు రెండు రోజులు ఆరనియ్యండి. మట్టి ఇంకా మెత్తగున్నప్పుడే అంతస్తుకు చుట్టూ చిటికెనవేలుతోని గుంటలు పెట్టిపిస్తే, రోజు ఆ గుంటలల్ల కొత్త పూలు గుచ్చుకోవచ్చు. నాలుగేండ్ల పిల్ల సుత చేసే పని అది.

ఇగ పూలకు పోదాం. పొద్దుగాల ఆరున్నర, ఏడు గంటలకు బయలుదేరాలె. ఎండెక్కితే తంగేడు వాడుతది, పిల్లలు సుత వాడుతరు. తంగేడు మొరం నేలల మీద, రోడ్ల పక్కన, గుట్టల కింద దొరుకుతది. కొమ్మ విరువకుండ పూలగుత్తిని కాడతోని తెంపాలె, కాడ లేకుంటే పేర్చేటప్పుడు పట్టు ఉండదు. తెంపింది తెంపినట్టు ప్లాస్టిక్ కవర్ల కుక్కితే లోపల వేడెక్కి మధ్యాహ్నానికే రెక్కలు రాలుతయి. తడిపి పిండిన నూలుగుడ్డల వదులుగ చుట్టి, గంపల పెట్టుకొని రండి. గునుగు చేన్లల్ల, గట్ల మీద ఉంటది. అది రైతుకు కలుపే గని అడగకుండ చేన్ల దిగొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: పత్తిచేన్లకు ఈ దినాలల్ల పురుగుమందు కొడుతుంటరు. ఎప్పుడు కొట్టిన్రో రైతును అడిగి, ఈ నడుమ కొట్టినమంటే ఆ చేను ఇడిచిపెట్టి బీడుభూమికి పోవాలె. కాళ్లకు బూట్లు, నిండుచేతుల అంగీ ఉండాలె. గునుగు పక్కనే వయ్యారిభామ మొలుస్తది, సన్నటి తెల్లపూలు. అది పడనోళ్లకు ఒళ్లంత దద్దులు లేస్తయి, దాన్ని ముట్టనియ్యొద్దు. కంచెల మీద దూలగొండి కాయలుంటే దూరంగ ఉంచండి. తగిలిందంటే రుద్దొద్దు. రుద్దితే నూగు ఇంకా లోపలికి గుచ్చుకుంటది. అంటుకునే టేపు అద్ది పీకితే నూగు ఊడివస్తది, అటెనుక నీళ్లు పోసి కడగాలె.

ఇంటికి తెచ్చిన గునుగుకు రంగులద్దుడు పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన పని. అన్నిటికంటే ఆగమయ్యేది కూడ అదే. కాబట్టి కొంచెం నెమ్మదిగ చెప్త. ముందు గునుగును ఎనిమిది, పది కాడలు కలిపి చిన్న కట్టలు కట్టాలె. పూల తలలన్ని ఒక్క ఎత్తుకు వచ్చెటట్టు బల్ల మీద తలకిందులు తట్టి, పూవు కిందనే దారం చుట్టి ముడి వెయ్యాలె. ఆ తర్వాత కాడలను కత్తెరతోని సమంగ కోయాలె. ముందే కోసి తర్వాత కడితే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితది. లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి దించి, పండుగకు అంగట్ల అమ్మే పూలరంగు ఒక చిన్న చెంచాడు కలపండి. గిన్నె దగ్గర పెద్దలే ఉండాలె. పిల్లలు కట్ట అందియ్యాలె, పెద్దలు ముంచాలె. పూవు వరకే ముంచి, నిమిషం ఉంచి, గట్టిగ విదిలించి, పాత పేపర్ల మీద నీడకు పరచండి. కాడలు సుత ముంచితే అవి మెత్తబడి జిగురు కారుతయి, పేర్చేటోళ్ల చేతులు, గోడలు, లంగాలు అన్ని గులాబీరంగే. రెండు మూడు గంటలు ఆరాలె. ఆరకముందే పేరిస్తే ఎర్రరంగు కారి కింది తెల్ల వరుస మీద చారలు పడుతయి. ఏడుపు అక్కడ మొదలయితది. మూడో వంతు గునుగును రంగు అద్దకుండ తెల్లగనే ఉంచమని నా సలహా. రెండు రంగుల నడుమ ఒక తెల్ల వరుస వస్తేనే రంగు రంగు లెక్క కనబడుతది.

ఇప్పుడు పేర్చుడు. పిల్లలకు అడుగు వెడల్పున్న తాంబాళం చాలు. పెద్ద బతుకమ్మ మీరు పేర్చుకోండి, పక్కన పెట్టే పిల్ల బతుకమ్మ పూర్తిగ వాళ్లది. తాంబాళం నిండ గుమ్మడి ఆకులో, ఆముదం ఆకులో పరచాలె, తొడిమలు కోసేసి. తొడిమ ఉంటే కింది వరుస ఒక దిక్కు లేస్తది. అంచుకు ఒక అంగుళం లోపల చాక్‌పీసుతోని ఆకు మీద గుండ్రంగ గీత గీయించండి. అంటే పది అంగుళాల వలయం. దాని చుట్టుకొలత ముప్పయి ఒక్క అంగుళాలు వస్తది. అంగుళం మందం ఉన్న గునుగు కట్టలు ముప్పయి పడుతయన్నట్టు. ఈ లెక్క ఏడో తరగతి పిల్లలతోనే వేయించండి, బళ్లె చదివిన పై (π) విలువ ఇక్కడ పనికొస్తది. కట్టకు ఎనిమిది కాడలనుకుంటే మొదటి వరుసకే రెండువందల నలభై కాడలు. అందుకే పొద్దుగాల "ఇంక చాలు" అని తొందరపెట్టి ఇంటికి తీసుకరావద్దనేది.

పూవు బయటికి, కాడ లోపలికి. పూవు మొదలుకొని కాడ చివరిదాక నాలుగున్నర అంగుళాలు ఉంటే నడుమ చిన్న గుంత మిగులుతది. ఇక్కడ జాగ్రత్త. బతుకమ్మ ఒరిగిపోయేది పూలతోని కాదు, ఈ నడిమి గుంతతోని. ఒక వరుస పెట్టంగనే తంగేడు ఆకు, కోసిన గునుగు కాడల ముక్కలు గుంతల వేసి గుప్పిటితోని అదమాలె. అదిమినంక అరచేయి చాపి వరుస మీద అడ్డంగ పెట్టి చూడాలె. అరచేయి నడుమ కూడ తాకాలె, అంచుల మీద కూడ తాకాలె. నడుమ లోతుంటే కాడలు లోపలికి జారి పూల తలలు ఆకాశం చూస్తయి. నడుమ గుట్ట లెక్క లేస్తే తలలు బయటికి వంగి నేల చూస్తయి. రెండు మూడు వరుసలు పెట్టినంక తేడా తెలిస్తే ఇప్పి మళ్ల పేర్చుడే. వరుస వరుసకు అరచేయి పరీక్ష పిల్లలకు అప్పజెప్పండి, వాళ్లు దాన్ని చానా పట్టుదలగ చేస్తరు. పొడి ఆకే వాడాలె. తడి ఆకు మాపటికి మెత్తబడి కుంగుతది, మీదున్నదంత దానితోనే కుంగుతది.

రెండో వరుస తంగేడు. మూడోది రంగు గునుగు. తర్వాత బంతి, చామంతి, కట్లపూలు, సీతజడ, మీ దగ్గర ఏదుంటే అది. బరువైన పూలు కింద, తేలికవి మీద. ఒక్కో వరుసను అర అంగుళం లోపలికి జరుపుకుంట పోవాలె. మూడు వరుసలైనంక ఒక దారాన్ని తాంబాళం కింది నుంచి మీదికి తెచ్చి, కూడిక గుర్తు లెక్క రెండు దిక్కుల బిగించాలె. అది పైవరుసల కింద దాగుతది, కనబడదు. ఎత్తు తొమ్మిది, పది అంగుళాలు దాటనియ్యకండి. ఎనిమిదేండ్ల పిల్ల ఎత్తుకొని నడువాలె కదా. చివరన గుమ్మడిపూవు, దాని మీద తమలపాకుల పసుపు గౌరమ్మ. రెండు చెంచాల పసుపుకు నీళ్లు చుక్క చుక్క పోయించాలె. ఎక్కువ పోస్తే గౌరమ్మ నిలబడదు, ఇంకింత పొడి పసుపు కలిపి సరిచెయ్యొచ్చు.

వెనుక నుంచి చెల్లె ఒకామె అడుగుతున్నది, మేం అపార్ట్‌మెంట్ల ఉంటం, చేన్లకు పోయే వీలు లేదు, బంతిపూలే దొరుకుతయి, ఎట్ల అని. దొరికినదాంతోనే చెయ్యండి. కొన్న బంతికి కాడ ఉండదు, అదే చిక్కు. చీపురుపుల్లలను నాలుగు అంగుళాల ముక్కలు చేసి, పూవు వెనుక నుంచి సగం దాక గుచ్చితే అదే కాడ. పుల్ల పూవు ముందుకు పొడుచుకొని రావద్దు. రెండు అంగుళాల పూలయితే కింది వరుసకు పదిహేను పడుతయి. తర్వాత పదమూడు, పదకొండు, తొమ్మిది, ఏడు, అయిదు. మొత్తం అరవై పూలు. అరకిలో, మించితే ముప్పావుకిలో తెచ్చుకుంటే సరిపోతది. పసుపు, నారింజ రెండు రంగులు సగం సగం తీసుకోండి. బంతి బరువు కాబట్టి నడిమి గుంత ఇంకింత గట్టిగ అదమాలె. ఆకులు లేవంటే పూలంగడి కాడ పారేసే మామిడాకులు, కాడలు అడగండి, ఇస్తరు.

తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లు పిల్లలతోని ఒక పెద్ద కాగితం మీద రాయించి గోడకు పెట్టండి. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానేబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. కొన్ని ఊర్లల్ల ఏడో రోజే సద్దులు చేస్తరు, మీ ఊరి పద్ధతే రాసుకోండి. ఆరో రోజు అమ్మ అలిగింది, నైవేద్యం లేదు. ఎందుకు అలిగిందో పిల్లలు అడుగుతరు, మీ ఇంట్ల చెప్పుకునే కథ తయారుగ ఉంచుకోండి. వంటల్ల పిల్లలకు అప్పజెప్పదగ్గది మలీద. గోధుమపిండి 2 కప్పులు తడిపి రొట్టెలు కొంచెం మందంగ కాల్చండి. కాల్చుడు పెద్దల పని. వేడి ఉండంగనే ముక్కలు చేసి రోట్ల దంచాలె, లేకుంటే మిక్సీల ఆపి ఆపి తిప్పాలె. ముప్పావు కప్పు నుంచి కప్పు దాక బెల్లం తురుము, 3 చెంచాల నెయ్యి, నాలుగు యాలకులు. పిల్లలు చేతులు కడుక్కొని గోరువెచ్చగున్నప్పుడే కలిపి ముద్దలు చెయ్యాలె. చల్లారితే బెల్లం కరగదు, ముద్ద కట్టదు. అట్లయితే ఇంకో చెంచా నెయ్యి వెచ్చచేసి పోయండి, నీళ్లు మాత్రం చల్లొద్దు, మాపటికే పాడయితది.

ఆట కాడ చిన్నపిల్లలు తొక్కులాటల పడుతరు. వేయిస్తంభాల గుడి కాడ ఎంగిలిపూల నాడు, పద్మాక్షి గుట్ట కాడ సద్దుల నాడు ఎంత జనముంటరో మీకు తెలుసు. పిల్ల జేబుల ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, తప్పిపోతే నిలబడవలసిన జాగ పోంగనే చూపించండి. అంతకంటే ముందు ఇంటి వాకిట్ల రోజు పదిహేను నిమిషాలు ఆడించండి. "ఉయ్యాలో" అన్నకాడ వంగి చప్పట్లు, తర్వాత ఒక అడుగు కుడిదిక్కు. పాట నెమ్మదిగ అందుకోవాలె. పెద్దలు ఊపుల వేగం పెంచితే పిల్లలు వలయం తెంపుకొని బయటపడుతరు. నిమజ్జనం కాడ నేను ఒక్క మెట్టు కూడ తగ్గను. ఈ కాలంల చెరువులు నిండుగుంటయి, మెట్ల మీద పాకురుంటది. పిల్లలు గట్టు మీదనే ఉండాలె. బతుకమ్మను నీళ్ల దాక తీసుకపోయేది ఈత వచ్చిన పెద్దలు. పూలు, ఆకులే నీళ్లల్ల వదలాలె. తాంబాళం, ప్లాస్టిక్ పువ్వులు, మెరుపు కాగితాలు వెనుకకు తేవాలె. నీళ్ల దగ్గరికి తీసుకపోయే వీలు లేకుంటే ఇంటికాడ టబ్బుల నీళ్లు పోసి వదలండి. తెల్లారి ఆ పూలు మొక్కల మొదట్ల వేస్తే ఎరువయితది.

దసరా నాటి పొద్దు పాలపిట్టది. తంగేడు, జమ్మి, పాలపిట్ట మూడూ మన రాష్ట్ర చిహ్నాలే. రాష్ట్ర పుష్పం, రాష్ట్ర వృక్షం, రాష్ట్ర పక్షి. మూడింటినీ ఒక్క పండుగల పిల్లలకు చూపెట్టొచ్చు. పంజరంల పెట్టి, రెక్కలు కట్టి చూపించే పిట్ట కాడికి మాత్రం పోకండి, పైసలియ్యకండి. దాన్ని పట్టుడు 1972 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం నేరం. బయట చూసుడు కష్టమేం కాదు. ఊరి బయట చేన్ల మీదికెళ్లి పోయే కరెంటు తీగలు, స్తంభాలు చూసుకుంట పొద్దుగాల నడువాలె. కూర్చున్నప్పుడు గోధుమరంగుల కనబడి పిల్లలు "ఇదేనా" అని నిరాశపడుతరు. ఆగమనండి. అది చాలాసేపు కదలదు, పురుగు కనబడంగనే కిందికి దుముకుతది. ఆ ఎగిరిన క్షణంల రెక్కలల్ల ముదురు నీలం, లేత నీలం పట్టీలు భగ్గుమంటయి. స్తంభానికి ముప్పయి, నలభై అడుగుల దూరంలనే ఆగాలె, వేలు చూపి అరవొద్దు.

జమ్మిని గుర్తుపట్టుడు నేర్పండి, ఎందుకంటే తొందరల సర్కారుతుమ్మ ఆకును జమ్మి అనుకొని తెంపుతుంటరు. సర్కారుతుమ్మకు ఆకు మొదట్ల ముండ్లు జంటలుగ ఉంటయి. జమ్మికి ముండ్లు పొట్టిగ, ఒంటిగ, కొమ్మ మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉంటయి. ఊర్లె ఉన్నది ఒక్కటే జమ్మిచెట్టయితే అందరూ కొమ్మలు విరిస్తే ఏం మిగుల్తది? పిల్లకు ఒక చిన్న రెమ్మ, దాని ఆకులే పదిమంది పెద్దల చేతుల్ల బంగారమని పెట్టి కాళ్లు మొక్కడానికి చాలు.

ఈ దినాలల్లనే సీతాఫలాలు. కాయను ఎప్పుడు తెంపాలెనో పిల్లలకు చూపెట్టండి. కండ్ల నడుమ గీతలు వెడల్పయి తెల్లపసుపు తిరగాలె. అప్పుడు తెంపి గడ్డిలనో, బియ్యం డబ్బలనో పెడితే రెండు మూడు రోజులల్ల పండుతది. కండ్లు తెరవని కాయ తెంపితే గట్టిగనే ఉండి నల్లబడుతది. గింజలు లెక్కపెట్టుకోని, కుండీల నాటుకోని, నలగ్గొట్టనియ్యొద్దు. గింజ పొడి కంట్ల పడితే కన్ను దెబ్బతింటది.

సెలవులల్ల ఒక్కరోజు చేతుల ఉంటే రామప్పకు పోండి, ఇక్కడికి దాదాపు డెబ్బై కిలోమీటర్లు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో వారసత్వ జాబితలకు ఎక్కింది. పిల్లలకు గుడి మొత్తం చెప్పాలని చూస్తే అలసిపోతరు. ఒక్కొక్కరికి కాగితం, పెన్సిల్ ఇచ్చి, బయటి స్తంభాల మీదున్న మదనికల్ల, అంటే ఆడోళ్ల శిల్పాలల్ల, తనకు నచ్చిన ఒక్కదాని నగలు బొమ్మ వెయ్యమనండి. అర్ధగంట చప్పుడుండదు. తర్వాత రామప్ప చెరువు కట్ట మీదికి తీసుకపోయి కట్ట ఏది, తూము ఏది, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి ఏది చూపెట్టండి. గుడి, చెరువు ఒక్క కాలంల కట్టినవే. మత్తడి దుంకుతుంటే మాత్రం దూరం నుంచే.

పండుగ అయిపోయినంక ఒక పని మిగులుతది. బంతిచెట్టు మీద నాలుగైదు పూలు తెంపకుండ ఉంచి, గోధుమరంగుకు ఎండనియ్యండి. చిదిపితే నల్లటి సూదుల లెక్క గింజలు వస్తయి, కొసకు తెల్లటి కుచ్చుంటది. లావుగ, నల్లగ ఉన్నయే ఏరాలె, తెల్లగ చప్పిడిగ ఉన్నయి మొలవయి. గునుగు తలను తెల్లపళ్లెం మీద రుద్దితే ఆవాల కంటే చిన్నగ, నల్లగ మెరిసే గింజలు రాలుతయి. వాటిని చేన్ల దిక్కు చల్లొద్దు, కుండీలనే వేసుకోవాలె. గింజలను కాగితం పొట్లాలల్ల కట్టి, పూవు పేరు, తారీఖు పిల్లల చేతనే రాయించండి. ప్లాస్టిక్ కవర్ల పెడితే చెమ్మ పట్టి బూజొస్తది. వచ్చే ఏడు ఎంగిలిపూలు ఏ తారీఖు పడుతయో క్యాలెండర్ల చూసి, అక్కడి నుంచి వెనుకకు డెబ్బై రోజులు లెక్కపెట్టి, ఆ తారీఖుకు ఎర్రపెన్నుతోని గుండ్రం చుట్టమనండి. బంతిగింజ నాటేది ఆ రోజు.